తేనెపిట్ట ఆత్మకథ

నల్లమల యడవులలో, ఫాల్గుణము వచ్చునప్పటికి ఆకులన్నియు రాల్చి కొమ్మకొమ్మను కాషాయారుణపుష్పములతో నింపుకొను మోదుగుల నడుమ, 10 గ్రాముల బరువైనను లేని దేహముతో పుట్టిన ఆడు తేనెపిట్టను నేను. లోకము మెచ్చుకొనునది నన్ను గాదు, ఎండలో నీలముగను ఊదాగను తళతళలాడు నా పెనిమిటిని. ఆ తళుకు ఈకల సూక్ష్మనిర్మాణముపై వెలుగు పడుటచే కలుగునదనియు, సంతానఋతువు గడచిన పిదప అతడును ఆ వేషము విడిచి, కంఠము నుండి ఉదరము దాక ఒక నల్లని చారను నిలుపుకొని, ఇంచుమించు నా వలెనే తిరుగుననియు ఎందరెరుగుదురు?

వంపు తిరిగిన ముక్కును పూవులో దూర్చి, గొట్టముగా చుట్టుకొనిన నాలుకతో మకరందమును గ్రోలునపుడు, ముఖమున కంటిన పుప్పొడిని మరియొక చెట్టునకు నేనే చేర్చుదును. మోదుగకును, మామిడికొమ్మపై పెరుగు బదనికకును నాతో గల ఈ ఋణానుబంధము వంటి దానిని గూర్చియే పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1932లో విపులముగా వ్రాసెను. పూవు నెదుట గాలిలో క్షణకాలము నిలువగలిగినను, కొమ్మపై వ్రాలి త్రాగుటయే మా యాచారము. గాలిలో నిలిచియే త్రాగు అమెరికా ఖండపు హమ్మింగు పక్షులతో మాకు చుట్టరికము లేదు.

గూడు కట్టుట యన్ననో, అది పూర్తిగా నా పని. గడ్డిపోచలను, బెరడుపెచ్చులను, ఎండుటాకుల తునుకలను, గొంగళిపురుగుల రెట్టను సైతము సాలెపురుగుల దారములతో కూర్చి, కొమ్మ చివర వ్రేలాడు సంచిగా అల్లి, ప్రక్కన ద్వారమును, దానిపై చిన్న చూరును అమర్చి, లోపల మెత్తని దూదిని పరచుదును. చూచువారి కది గాలికి తగుల్కొనిన చెత్తగా తోచుటయే దానికి రక్ష. రెండు మూడు గ్రుడ్లపై 15 దినములకు పైగా నేనొక్కతెనే కూర్చుందును. పిల్లలు వెలువడిన తరువాతనే పెనిమిటి మేత తెచ్చుటలో తోడ్పడును. తేనెపిట్ట పిల్ల తేనెతోనే పెరుగునని తలచుట సహజమే గాని, దానికి కండ పట్టవలెనన్న సాలెపురుగులు, చిన్న పురుగులు కావలయును; కావుననే పూచిన చెట్లపై మందు చల్లునపుడు నా ప్రాణము తల్లడిల్లును.

అయ్యా, అమ్మా! మీ వసారా తీగకో, పెరటి దానిమ్మకొమ్మకో అట్టి చెత్తమూట యొకటి వ్రేలాడుచున్నచో దానిని దులిపివేయకుడు. నెల, నెలన్నర ఓపిక పట్టుడు; చూరుక్రింది సాలెగూళ్లను కూడ నాకై కొన్ని విడిచిపెట్టుడు.