డబ్బాసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “పలుచగా పూయుము. ఆరనిమ్ము. తేలికగా రుద్ది మరల పూయుము.”

ఈ సూత్రం ఏ తాళపత్ర గ్రంథాలయంలోనూ దొరకదు. కొయ్యకు పట్టించే నూనె డబ్బానో వార్నిషు డబ్బానో కొంటే వెనకవైపు, పిల్లలకు అందకుండా ఉంచమనే హెచ్చరికకు పైన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కంపెనీ ఏదైనా పాఠం ఇంచుమించు ఇదే. కర్త పేరు ఎక్కడా ఉండదు కాబట్టి ఆయన్ని డబ్బాకారుడు అని పిలుచుకుందాం. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కొలచెలమ మల్లినాథసూరి పెట్టుకున్న నియమంలో మొదటి సగం ఈ టీకకు శిరోధార్యం. రెండో సగం దగ్గర వ్యాఖ్యాతలందరికీ ఉన్న బలహీనతే దీనికీ ఉంది. శాస్త్రం మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం తేల్చాలంటారు. అధికారి అమెరికాలో శరత్కాలంలో లైసెన్సు తీసుకుని, కప్పీలూ కేబుళ్లూ లేని ఒంటికొయ్య విల్లుతో తెల్లతోక జింక కోసం అడవికి వెళ్లేవాడు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఆ అధికారి లేడు, పట్టుకునే అధికారి ఉన్నాడు. విషయం ఆ విల్లుకు ఏ పూత వేయాలన్నది. సంబంధం డబ్బా వెలతోనే తెలిసిపోతుంది. చిక్కంతా ప్రయోజనం దగ్గరే. పూత ఉన్నది నీళ్లు ఆపడానికని లోకం అనుకుంటుంది, అందుకే ఏది ఎక్కువకాలం నిలుస్తుందని అడుగుతుంది. అడగవలసింది అది పోయినప్పుడు మళ్లీ వేసుకోవడం ఎంత సులువని. ఈ టీక వాదమంతా ఇంతే, మిగిలింది సాక్ష్యం.

పదక్రమం తప్పినా సరే, ముందుగా ‘పూయుము’ దగ్గర ఆగాలి. ఇది సకర్మక క్రియ. సూత్రంలో కర్మ లేదు. డబ్బాకారుడికి కర్మ స్వయంసిద్ధం, డబ్బాలో ఉన్నదే. కొనబోయేవాడి సందేహమంతా అక్కడే ఉంది గనుక అధ్యాహారం, అంటే లేని మాటను తెచ్చి పూరించడం, చేసుకోక తప్పదు. కొయ్య చచ్చాక కూడా గాలితో లావాదేవీ మానదు. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట కొయ్యలో తేమ 9 శాతం దగ్గర స్థిరపడుతుంది. గాలిలో 80 శాతం ఉంటే కొయ్యలో 16 దాకా పోతుంది. తేమ తాగిన విల్లు మెత్తబడి, వంచి వదిలాక పూర్తిగా వెనక్కి రాదు, బాణం మందగిస్తుంది. మరీ ఎండిన విల్లు పెళుసెక్కి ఫెళ్లున విరుగుతుంది. అందుకని ఏదో ఒకటి పూయాలి, సరే. ఆ ఏదో ఒకటి గురించి విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 1910 నుంచి నడుస్తున్న అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల 1985లో ఒక పట్టిక ప్రకటించింది. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట నిలవ ఉంచిన చెక్కముక్కలకు రకరకాల పూతలు వేసి, 90 శాతం తేమలోకి మార్చి, 14 రోజులు తూచి చూశారు. కరిగించిన పారఫిన్ మైనంలో ముంచిన చెక్క అన్నిటికన్నా తక్కువ తేమ తాగింది. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ దానికి దగ్గరలో నిలిచింది. లక్క బాగానే ఆగింది, పాలీయురేథేన్ దాని తర్వాత. అవిసె నూనె, టంగ్ నూనె అట్టడుగున, ఉన్నా లేనట్టే.

ఇక్కడ పూర్వపక్షులు వరసగా లేస్తారు. ప్లాస్టిక్‌వాది పట్టిక చేతబట్టుకుని, పాలీయురేథేనో ఎపాక్సీయో దట్టంగా పట్టిస్తే పీడ విరగడవుతుంది కదా అంటాడు. లక్కవాది మనవాడు, లక్క పుట్టిందీ ప్రపంచానికి వెళ్లిందీ ఈ దేశం నుంచేనని, ఏటికొప్పాక బొమ్మల నిగనిగ చూడమని అంటాడు. బొమ్మ వంగదు, విల్లుకు వంగడమే పని. పైగా లక్క ఆవిరిని ఆపినంత బాగా వానచుక్కను ఆపదు, తడి నిలిచినచోట తెల్లబడుతుంది. అడుగుపూతగా దానికి గౌరవమే, పైపూతగా మాత్రం చెల్లదు. మైనంవాది ఇద్దరికన్నా ప్రాచీనుడు, పేరున్నవాడు. ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ 1545లో విలువిద్య మీద ‘టాక్సోఫిలస్’ అనే పుస్తకం రాశాడు. మైనం పట్టించిన ఉన్నిగుడ్డతో విల్లును రోజూ రుద్దితే మెరుపు వస్తుందని, పైన పెచ్చులా ఒక గట్టిదనం ఏర్పడి తడీ వాతావరణమూ లోపలికి దూరలేవని ఆయన సిద్ధాంతం. మాడిసన్ పట్టిక ఆయనకు అనుకూలించదు. మైనంలో ముంచడం వేరు, మైనపుగుడ్డతో రుద్దడం వేరు. రుద్దిన మైనం కూడా నూనెల పక్కన అట్టడుగునే కూర్చుంది. ఆచరణ మాత్రం ఆయనది సరైనదేనని ‘మరల’ దగ్గరికి వెళ్లాక తెలుస్తుంది.

ప్లాస్టిక్‌వాదికి సమాధానం అంత తొందరగా చెప్పి తప్పించుకోలేం, ఎందుకంటే అతని లెక్క నిజం. అయితే ఆ లెక్క దేనిదో చూడాలి. 90 శాతం తేమలో 14 రోజులు కదలకుండా ఉన్న, ఏ గీతా పడని, ఎవరూ వంచని చెక్కముక్కది. వేటవిల్లు తెల్లవారుజామున అడవిలోకి వెళ్లి సాయంత్రానికి ఇంటికి వస్తుంది. మధ్యలో వాన పడొచ్చు. ఆ వాన నిమిషాల మీద, గంటల మీద వచ్చే తడి. వారాల తరబడి గాలి నుంచి నెమ్మదిగా ఎక్కే ఆవిరి వేరే శత్రువు, దానికి మందు పూత కాదు, విల్లు పడుకునే గది. పైగా విల్లుకు ముళ్లు గీరుతాయి, రాయి తగులుతుంది, బాణం సంధించి లాగిన ప్రతిసారీ దాని వీపు (బయటి వైపు) సాగి పొట్ట (విలుకాడి వైపు) నొక్కుకుంటుంది. దళసరి ప్లాస్టిక్ పొర ఒకచోట చిట్లితే నీళ్లు ఆ చీలిక గుండా లోపలికి పోయి పొర కిందే పాకుతాయి. పోయిన దారి తప్ప బయటికి వేరే దారి లేదు. పొర లేచి తెల్లగా పొంగినప్పుడు గానీ యజమానికి తెలియదు. అప్పుడు పాత పొరంతా గీకి తీయాలి, ఎందుకంటే గట్టిపడిన పాలీయురేథేన్ మీద కొత్తది ఊరికే అంటుకోదు. నూనె పూత అలా ఒక్కచోట మోసం చేయదు, అంతటా కొద్దికొద్దిగా అరుగుతుంది. అరిగిందో లేదో చూడటానికి ఒక నీటిచుక్క చాలు: గుండ్రంగా నిలిస్తే ఉంది, పరుచుకుని కొయ్య రంగు ముదిరితే పోయింది. పోయినచోట నాలుగు చుక్కలు వేసి, అరచేతికి వేడి తగిలేదాకా రుద్దితే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. మామూలు వార్నిషును వదిలి ఓడ తెరచాప కొయ్యల కోసం పుట్టిన స్పార్ వార్నిషు తీసుకుంటే ప్లాస్టిక్‌వాదితో రాజీ కూడా సాధ్యమే. గాలికి ఊగే కొయ్య మీద చిట్లకూడదని దానిలో నూనెపాలు ఎక్కువ పెడతారు. దాన్నే నూనెలో కలిపి గుడ్డతో పట్టిస్తే పచ్చి నూనె కన్నా వానకు బాగా ఆగుతుంది, మరమ్మతు గుణమూ మిగులుతుంది. కర్మ స్థానంలో అధ్యాహారం చేయవలసింది ఈ మిశ్రమాన్నే అని నా నిర్ణయం. బజారులో తుపాకి మడమల కోసం అమ్మే నూనెలు చాలావరకు ఈ జాతివే.

‘పలుచగా’. క్రియావిశేషణం. విల్లు వదిలినప్పుడు అన్నిటికన్నా వేగంగా కదిలేవి దాని కొసలు; అక్కడ పెరిగిన ప్రతి పిసరు బరువూ బాణం వేగంలోంచి కోత. ఇక్కడొక విరోధం. కొసల దగ్గరే కొయ్య నార అడ్డంగా తెగి, సన్నని గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. నీళ్లు ఎక్కువ తాగేది అక్కడే, తడి నేల తగిలేదీ అక్కడే, వింటినారి ఒరుసుకునేదీ అక్కడే. అంటే ఎక్కువ పూయవలసిన చోటే తక్కువ పూయాలన్నమాట. పరిహారం ఏమిటంటే, నూనె పైన నిలవకుండా ఆ నోళ్లలోకి దిగుతుంది. కొసలకు రెండు మూడు సార్లు ఎక్కువ పట్టించి, పది నిమిషాలాగి, తాగనిది తుడిచేస్తే పైన పొర పెరగదు. దళసరిగా వదిలిన నూనెకు ఇంకో దోషం ఉంది. పైన తొక్క కట్టి, లోపల జిగటగా ఉండిపోతుంది, వేలు పెడితే ముద్ర పడుతుంది.

‘ఆరనిమ్ము’ అన్న మాట చూసి బట్టలు ఆరినట్టే అనుకుంటారు. అవిసె నూనె ఆరడమంటే ఆవిరవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడటం. ఆరాక దాని బరువు తగ్గదు, పెరుగుతుంది. ఆ పనిలో వేడి పుడుతుంది. విల్లు మీద అది గాలికి పోతుంది, ఉండచుట్టి మూల పడేసిన గుడ్డలో పోదు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా 22వ అంతస్తులో అంటుకున్నది అలాంటి గుడ్డల వల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, మంట 30వ అంతస్తులో స్ప్రింక్లర్ల దగ్గర గానీ ఆగలేదు. గుడ్డను విప్పి ఒంటిపొరగా ఆరవేయమని, లేదా నీళ్లలో ముంచి మూత పెట్టమని డబ్బాకారుడు వేరేచోట చెప్పాడు. సూత్రంలోనే చెప్పి ఉండవలసింది. పూర్తిగా ఆరనివ్వడానికి వేటకాడికి ఇంకో కారణం ఉంది. పచ్చి నూనె వాసన మనిషికే తెలుస్తుంది, జింక ముక్కు సంగతి చెప్పేదేముంది. వేట కాలానికి కొన్ని వారాల ముందే పని ముగించాలి.

‘తేలికగా రుద్ది’. పై పూత బాగా పట్టడానికని డబ్బాకారుడి ఉద్దేశం. వేటవిల్లుకు ఇది చివరి పూత తర్వాత కూడా వర్తిస్తుందని వ్యాఖ్యాత అతిదేశం చేస్తున్నాడు, మెరుపు చంపడానికి. జింక కంటికి ఎరుపు, నారింజ రంగులు ఆకుపచ్చ నుంచి విడిగా కనపడవని 1994లో వెలువడిన పరిశోధన తేల్చింది. తుపాకి వేటగాళ్లు నారింజ చొక్కాలు వేసుకుని నిశ్చింతగా తిరగగలిగేది అందుకే. కాబట్టి విల్లు ఎరుపైనా నారింజైనా ఫరవాలేదు. మెరుపు రంగు కాదు. విల్లెత్తినప్పుడు పొద్దుటి వెలుతురు నున్నటి పొర మీద పడి పొడుగునా జారుతుంది, కదలికను పసిగట్టడంలో జింకను మించింది లేదు. అతి సన్నని ఉక్కు ఉన్నితో కొయ్య నార వెంట ఒకసారి రుద్దితే నిగనిగ పోతుంది. అందం మాటేమిటని ఆక్షేపణ వస్తుంది. విల్లులకు వాడే ఆసేజ్ ఆరెంజ్ కొయ్య కొత్తలో పసుపుపచ్చగా ఉండి ఎండ తగిలేకొద్దీ తేనెరంగుకు, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు అద్దం వెనకనుంచి కన్నా మసక నూనె కిందే బాగుంటుందని నా అభిరుచి, అభిరుచికి ప్రమాణం అడగరు. మెరుపులేనిదే కొంటానంటే ఒక్క మాట: ఆ డబ్బాల్లో మెరుపును విరగ్గొట్టే పొడి అడుగున పేరుకుంటుంది. కర్రతో అడుగునుంచి కలపాలి, డబ్బా కుదిపితే బుడగలొస్తాయి.

‘మరల’. ఈ అవ్యయం సూత్రానికి ప్రాణం. ఎన్నిసార్లని డబ్బాకారుడు చెప్పకపోవడం లోపమని కొందరంటారు. నా లెక్కన అది ఆయన చేసిన ఒకే ఒక గొప్ప పని. ఆస్కమ్ విల్లును కాపాడింది మైనపు పెచ్చు కాదు. రోజూ రుద్దేవాడు రోజూ విల్లును చూస్తాడు. తడిస్తే ఆరబెడతాడు, పగులు వెంట్రుకవాసిగా ఉండగానే కనిపెడతాడు. 1911లో కాలిఫోర్నియాలో ఓరోవిల్ దగ్గర ఒంటరిగా బయటపడిన యాహీ తెగవాడు ఇషీ, తనకు వైద్యం చేసిన శాక్స్‌టన్ పోప్‌కు విలువిద్య నేర్పాడు. విల్లును నిలబెడితే అది పని చేస్తూనే ఉండి చెమటపట్టి నీరసిస్తుందని, పడుకోబెట్టాలని ఇషీ అనేవాడు. కారణం వేరు కావొచ్చు. తడి నేలకు కొస ఆనించి గోడకు చేరవేసిన విల్లు కన్నా, పొడిగా పడుకున్న విల్లు నాలుగు కాలాలపాటు బతుకుతుందన్న మాటలో తప్పులేదు.

ఉత్సర్గానికి, అంటే సామాన్య నియమానికి, అపవాదాలు రెండు. వీపున జంతువుల స్నాయువులు అంటించిన విల్లుకు, అంటించింది తోళ్లు ఉడికించి తీసిన బంక గనుక, తడి తగిలితే వీపే ఊడుతుంది; అక్కడ నూనె మీద భరోసా పెట్టకూడదు, పాముచర్మమో గట్టి వార్నిషు పొరో కావాలి, మరమ్మతు కష్టాన్ని భరించాలి. రెండోది ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య కొయ్యను ఇరికించిన ఆధునిక విల్లు. దానిలో వంగే భాగాన్ని గాజే కాపాడుతుంది, పిడి కొయ్యకూ మెరుపుకూ మాత్రమే పూత కావాలి. ఎపాక్సీ చల్లినా దోషం లేదు. ఆ విల్లున్నవాళ్లకు టీక అక్కర్లేదు, డబ్బా చాలు.