లాక్టోమీటరు పాలవాడిదే

నెట్ స్లోగా ఉందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చూడండి. విచారణ మొదలయ్యేది మన మీదే. "రౌటర్ ఆపి ఆన్ చేశారా సార్?" చేశాం. "ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయి సార్?" అయిదు. "అదే సార్ మరి." ఇంట్లో మనుషుల్ని తగ్గించుకోమని నోరు తెరిచి అనలేని మర్యాద ఆ మాటలో ఎంత నిండుగా ఉందో!

ఈ విచారణలో కొంత న్యాయం లేకపోలేదు. మన ఇళ్లలో రౌటర్ బతుకు చూడండి. కేబుల్ ఏ కిటికీ కన్నంలోంచి దూరిందో అక్కడే దాని కాపురం. హాలు అందం చెడుతుందని దాన్ని టీవీ వెనక్కో, షోకేసులో ఇత్తడి ఏనుగు చాటుకో తోసేస్తాం. మూడు గోడల అవతల మంచం మీద పడుకుని, కట్టిన డబ్బుకు వంద ఎంబీపీఎస్ రావడం లేదని వాపోతాం. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగముంది గానీ గోడ ఎదురైతే నీరసం. 2.4కి గోడలు దాటే ఓపికుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డు తగలని ఛానళ్లు మూడే. పైవాళ్లు, కిందవాళ్లు, ఎదురింటివాళ్లు అందరూ వాటిలోనే ఇరుక్కోవాలి. చాలదన్నట్టు వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా ఆ తరంగాల మీదే.

ఇక డౌన్‌లోడ్ 12 దగ్గరే ఆగిందని గొడవకు దిగే పెద్దలకు ఒక మనవి. కంపెనీ అమ్మేది బిట్లు, మీ కంప్యూటర్ చూపించేది బైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి వంద ప్లానులో పన్నెండున్నర కనిపిస్తే మీ వాటా ముట్టినట్టే. బిట్లలో అమ్మితే బోర్డు మీద అంకె ఎనిమిది రెట్లు లావుగా కనిపిస్తుందన్న సంగతి ఎవరూ పైకి అనరు.

మిగతా కథ వాళ్లది. రాత్రి తొమ్మిదికి చతికిలబడే నెట్‌ను పరీక్షించడానికి టెక్నీషియన్ మర్నాడు పొద్దున పదకొండుకు వస్తాడు. రౌటర్‌కి జానెడు దూరంలో ఫోన్ పెట్టి స్పీడ్ టెస్ట్ నొక్కుతాడు. ముల్లు 98కి ఎగబాకుతుంది. "చూశారా సార్!" చూశాం. ఆ టెస్టు తనంతట తానే దగ్గర్లో ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటుంది. అది ఆ కంపెనీ గూట్లోదే అయిన సందర్భాలు బోలెడు. బయటి ఊళ్ల నుంచి రావలసిన వీడియో పాట్లు ఆ ముల్లుకేం తెలుసు? పాలవాడే లాక్టోమీటరు తెచ్చి, వాడే ముంచి, వాడే చదివి వినిపించడమన్నమాట. సర్వర్ మార్చి ఇంకో ఊరిది పెట్టమని అడగండి. అబ్బాయికి అర్జెంటుగా మరో కాల్ వస్తుంది. పాపం, అతన్ని అనడానికీ లేదు. అతనికి కావలసింది మన ఓటీపీ. అది చెప్పిన మరుక్షణం సమస్య తీరిపోయిందని మెసేజ్ వస్తుంది, దాన్ని చదువుతుండగానే వీడియో మళ్లీ గుండ్రంగా తిరుగుతుంది.

రాత్రి తొమ్మిది గుట్టు స్ప్లిట్టర్‌లో ఉంది. చాలా ఇళ్లకు వచ్చే జీపాన్ ఫైబర్‌లో ఒక పోర్టు మోసేది సుమారు 2.5 గిగాబిట్లు. దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. 64 ఇళ్లూ ఒకేసారి నోరు తెరిస్తే తలా నలభై కూడా దక్కదు. అందరూ ఒకేసారి తెరవరులే అన్న ధీమా మీదే ప్లాన్లు అమ్ముడుపోతాయి. ఐపీఎల్ రాత్రి ఆ ధీమా ఏమవుతుందో మీకే తెలుసు.

నిజం తేలాలంటే ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి వైరుతో కలిపి, మిగతావన్నీ ఆపేసి, పగలొకసారి, రాత్రొకసారి వేరే ఊరి సర్వర్‌తో కొలవాలి. వైరు మీద పూర్తిగా వచ్చి వైఫైలో రాకపోతే తప్పు మన గోడలది. పగలు వచ్చి రాత్రి రాకపోతే అనుమానించాల్సింది వాళ్లని. ఈ లెక్కంతా కాగితం మీద రాసి పంపితే కంపెనీ జవాబు సిద్ధంగానే ఉంటుంది: అన్‌లిమిటెడ్ ప్లానే గానీ, దానికో లిమిట్ ఉంది, అది దాటారేమో చూసుకోండి.

దాటి, స్పీడు రెండుకి పడిపోయినా దిగులు పడకండి. మీది అప్పటికీ బ్రాడ్‌బ్యాండే. 2004లో 256 కేబీపీఎస్ వస్తే చాలు ఆ హోదా దక్కేది. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో సర్కారు ఉదారంగా 2 ఎంబీపీఎస్‌కి పెంచింది.

ఇక కంపెనీ చివరి వైద్యం, "200 ప్లానుకి మారండి సార్." మారతాం. గోడకున్న పాత రౌటర్ డబ్బా పోర్టు 100ది అయితే, ఎంత పెద్ద ప్లాను వేసినా వైరు మీద 95 దగ్గర ఆగిపోతుంది. కొత్త డబ్బా ఇవ్వాలన్న ఊసు కస్టమర్ కేర్ అమ్మాయి చదివే కాగితంలో ఉండదు. బిల్లు మాత్రం 200 ప్లానుదే, 18 శాతం జీఎస్టీతో సహా.