నేను కంపెనీ ల్యాప్‌టాప్‌ని

గచ్చిబౌలిలోని ఒక పెద్ద ఐటీ కంపెనీ నాది. నా అడుగున ఆసెట్ నంబరు స్టిక్కరు ఉంటుంది. స్టోర్ రూములో ఆ నంబరే నా పేరు. ఒకరు ఉద్యోగం మానగానే సపోర్టు వాళ్లు నా డిస్కు చెరిపేసి ఇంకొకరి చేతికిస్తారు. డిస్కు చెరిగినా ఆ మనుషులు నాకు గుర్తే.

మొదట నన్ను అందుకున్నది శ్రీకాకుళం జిల్లా నుంచి క్యాంపస్ సెలక్షన్‌లో వచ్చిన కుర్రాడు. ట్రైనింగు అయ్యాక ప్రాజెక్టు దొరక్క నెలల తరబడి బెంచి మీదే ఉన్నాడు. అయినా జీతం ఒక్క నెలా ఆగలేదు. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్ అతనిది, అంతే మొత్తం కంపెనీది. ఆ ఏడే వాళ్ల నాన్నకు గుండె ఆపరేషను పడింది. ఆయనకు ఎప్పటినుంచో షుగరు. సొంతంగా పాలసీ కొనబోతే పాత జబ్బులకు ఏళ్లు ఆగమంటారు; కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సులో మొదటి రోజునుంచే వర్తించింది. క్యాష్‌లెస్ అప్రూవల్ మెయిల్ నా తెర మీదే చూశాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, పొలం అమ్మక్కర్లేదే" అన్నాడు. కార్పొరేట్ కొలువును ఎవరైనా తీసిపారేసినట్టు మాట్లాడితే నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

తర్వాత నేను వరంగల్ అమ్మాయి చేతికి వెళ్లాను. 2017లో చట్టం మారాక ప్రసూతి సెలవు 26 వారాలు. ఆమెకు అది పూర్తి జీతంతో ఇచ్చారు. తిరిగొచ్చేసరికి ఆమె మాడ్యూలు వేరే టీముకి పోయింది, రేటింగు తగ్గింది. "బెల్ కర్వ్ కదమ్మా, ఎవరో ఒకరు కింద ఉండాలి" అన్నాడు మేనేజరు. అది అన్యాయం. కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. అన్నేళ్లూ ఆమె ఒక అప్లికేషన్‌లో రెండు మూడు స్క్రీన్లే చూసింది. అది వాడే కస్టమర్ ఎవరో చూడలేదు, సర్వర్ల దాకా ఎప్పుడూ వెళ్లనివ్వలేదు. ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో "మొత్తం సిస్టమ్ ఎలా నడుస్తుందో చెప్పండి" అనగానే మాట రాలేదు. తెలివి తక్కువై కాదు. పనిని అంత సన్నగా కోసి పంచితే ఎవరికైనా అంతే. అమెరికా కాల్స్‌తో రాత్రులు కరిగిపోతే నేర్చుకునే వేళ మాత్రం ఎక్కడిది?

చివరివాడు సీనియరు. ఉదయం హెచ్‌ఆర్ మీటింగు, మధ్యాహ్నానికి నా లాగిన్ మూసేశారు. సర్వీసు అయిదేళ్లు దాటింది కనక ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన గ్రాట్యుటీ వచ్చింది. నాలో దాచుకున్న పాప ఫోటోలు మాత్రం అతనికి దక్కలేదు. పెన్‌డ్రైవు పెట్టినా నేను తీసుకోకూడదు, కంపెనీ నియమం.

చదువు ముగించి వస్తున్న పిల్లలూ, ఇంట్లో పెద్దవాళ్ల వైద్యం మీ భుజాల మీద ఉంటే పెద్ద కంపెనీలో సంకోచం లేకుండా చేరండి. చేరాక మీ స్క్రీన్ వెనక ఏముందో పక్క టీము వాళ్లను అడిగి నేర్చుకోండి. ఉద్యోగంలో ఉండగానే సొంత ఆరోగ్య పాలసీ ఒకటి తీసుకోండి. కంపెనీది సాధారణంగా మీ ఆఖరి పనిరోజుతోనే ఆగిపోతుంది.