తొడకండరంలో పట్టాభిషేకం

1757 నాటి బొబ్బిలి యుద్ధానికి జంగం కథలున్నాయి. విజయనగరం జిల్లా కొండవెలగాడలో బార్బెల్ ఎత్తే పిల్లల తొడల్లో నిత్యం జరిగే మహాసంగ్రామానికి తంబురా పట్టినవాడేడీ? ఆ లోటు తీర్చే భారం మాపై పడింది.

అఖండ కండర సామ్రాజ్యపు పొలిమేరలో, కండపోగుకీ దాని పైతొడుగుకీ నడుమ ఇరుకు సందులో, శాటిలైట్ కణమనే బాలవీరుడు పాక్స్7 ముద్ర ధరించి యోగనిద్రలో ఉన్నాడు. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరంలో వీడి ఆచూకీ పట్టేదాకా లోకానికి వీడి ఊసే లేదు.

పిల్ల బరువెత్తింది. పోగులు అక్కడక్కడా చిట్లాయి. భేరి మ్రోగె! వీరుడు లేచాడు, ఒకడు ఇద్దరయ్యాడు, ఇద్దరు నలుగురయ్యారు. కొందరు మళ్లీ ముసుగుతన్ని పడుకున్నారు. సైన్యమన్నాక అలాంటివాళ్లూ ఉంటారు.

అంతట వేంచేసె మయోడీ అనే ప్రొటీన్ మహారాజు! 1987లో సియాటిల్‌లో హెరాల్డ్ వెయింట్రాబ్ బృందం చాటిన ప్రతాపం ఆయనది. పీచు అల్లుకు బతికే ఫైబ్రోబ్లాస్ట్‌లో ఆయన్ని ప్రవేశపెడితే, అది కులవృత్తి మరిచి కండకణమైపోయింది. అంతటి ప్రభువూ ఒంటరిగా గద్దెనెక్కలేడు. ఈ-ప్రొటీన్ అనే జతగాడు చెయ్యి పట్టుకోవాలి. వారిద్దరికీ డీఎన్ఏ మీద వేసిన పీట ఆరక్షరాలది: మొదట సీ, ఏ, చివర టీ, జీ, నడుమ రెండింటి దగ్గర కాస్త సర్దుబాటుంది.

ఇక్కడే ఐడీ అనే మరో ప్రొటీన్ ప్రవేశం. వాడికి డీఎన్ఏని పట్టుకునే చెయ్యే లేదు. చేసేదల్లా రాజుగారి జతగాణ్ణి తనవైపు లాక్కుని అట్టే పెట్టుకోవడం. తను కూర్చోడు, కూర్చునేవాణ్ణి కూర్చోనివ్వడు. ఈ కావ్యంలో నాకు బాగా తెలిసిన పాత్ర వీడే. మన పంచాయతీల్లో రోజూ చూస్తున్నాం.

పెరుగుదల సంకేతాలు సన్నగిల్లి ఐడీ నీరసించగానే పట్టాభిషేకం. మయోజెనిన్ సేనాపతి కదిలాడు, మెఫ్2 వంత పాడాడు, పీ21 కణవిభజనకి తలుపు మూసింది. ఇక సంతానం లేదు. వీరులంతా గోడలు కరిగించుకుని చిట్లిన పోగులో ఏకమయ్యారు. మయోసిన్, ఆక్టిన్ బారులు తీరాయి. మరీ ఒళ్లు పెంచబోతే మయోస్టాటిన్ తాతగారు "చాల్రా నాయనా" అని గదమాయిస్తారు.

శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిందంటే, తెరవెనుక జరిగింది ఇదే.

ఫలశ్రుతి: ఈ కథ చదివినవారికిగానీ విన్నవారికిగానీ కండ పెరగదు. రేపు పొద్దున్నే తాలింఖానాకి వెళ్లండి.