పెట్రోలు కార్డు సూత్రానికి తిరుమలగిరి టీక

మూలం: బీపీసీఎల్ బంకునఁ గార్డుచేఁ గొన్న యింధనమునకు నూటికి నాలుగుంబావు మరల వచ్చును, షరతులు వర్తించును.

ప్రతిపదార్థం: కార్డుచేన్ = బీపీసీఎల్ ఎస్‌బీఐ క్రెడిట్ కార్డు చేత. సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కార్డంటే ముందు తోచేది వేరు. 2025 జులై 14న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. ఆ అర్థం ఇక్కడ గ్రాహ్యం కాదు. అది బియ్యమిస్తుంది, ఇది బిల్లిస్తుంది. బీపీసీఎల్ బంకునన్ = భారత్ పెట్రోలియం వారి బంకులోనే, ఎదుటి కంపెనీ బంకులో కాదు. నాలుగుంబావు = 4.25. చిక్కంతా ఇక్కడే.

వ్యాఖ్య: వంద రూపాయల పెట్రోలుకు 13 పాయింట్లు. నాలుగు పాయింట్లు ఒక రూపాయి. అంటే రూ.3.25. మిగిలిన ఒక శాతం సర్‌చార్జి మాఫీ. ఆ సర్‌చార్జి వేసేదీ కార్డు గీకినందుకే, తీసేసేదీ కార్డు గీకినందుకే! నోట్లిచ్చి పోయించుకున్నవాడికి అది పడనే పడదు కనుక, దాన్ని లాభంలో చేర్చడం టీకాకారుడికి సమ్మతం కాదు. పైగా సర్‌చార్జి మీది 18 శాతం జీఎస్టీ వెనక్కి రాదు. వందకు 18 పైసలు పోగా నికరం రూ.3.07.

షరతులు = ఒక్క దఫాకు రూ.4,000 దాటితే ఈ ఫలం లేదు. బిల్లు నెలకు 1,300 పాయింట్లే, అంటే పదివేల పెట్రోలు దాకానే. ఏటా రుసుము రూ.499, జీఎస్టీతో రూ.588.82. దాన్ని రాబట్టుకోవడానికే ఏడాదికి 19 వేల పైచిలుకు పెట్రోలు తాగించాలి. 50 వేలు ఖర్చుపెట్టినవారికి రుసుము మాఫీ.

తాత్పర్యం: రోజూ కారులో సూర్యాపేట వెళ్లొచ్చే ఉద్యోగికి గిట్టుతుంది. మార్కెట్ యార్డు దాకా బండి మీద పోయొచ్చే రైతుకు గిట్టదు.

పూర్వపక్షం: నెలన్నర దాకా అప్పు ఉచితమే కదా? గడువులోగా బిల్లు మొత్తం కడితే నిజమే. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే నెలకు మూడున్నర శాతానికి తగ్గని వడ్డీ. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటేనే ఇంట్లోవాళ్లు అభ్యంతరం చెబుతారు. ఇది కనీసం మూడున్నర రూపాయల మిత్తి. పదివేలు ఒక్క నెల మోస్తే తక్కువలో తక్కువ రూ.350, దాని మీద జీఎస్టీ రూ.63. అదే పదివేల పెట్రోలు మీద వచ్చింది రూ.307.

ప్రక్షిప్తం: నోట్ల రద్దు తర్వాత, 2016 డిసెంబరులో, బంకుల్లో డిజిటల్ చెల్లింపులకు 0.75 శాతం రాయితీ ఇచ్చారు. క్రెడిట్ కార్డులకు 2019 అక్టోబరు 1 నుంచి తీసేశారు. అది ఇంకా పడుతోందని వాదించే పండితులు బంకుల దగ్గర ఇప్పటికీ తారసపడుతుంటారు.