వరదకీ వీసా ఉండాలి!

విదేశాలకు జంటగా వెళ్లేవాళ్లకు ఇప్పుడో కొత్త వ్రతం వచ్చింది: ‘స్లో ట్రావెల్’. ఒకే ఊళ్లో నెల రోజులు ఉండాలి, దారి తప్పాలి, రైలు తప్పిపోవాలి, తప్పిపోయినందుకు మురిసిపోవాలి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, తిరిగొచ్చేసరికి పదిహేను నెలలు దాటింది. పాపం, అది ఫ్యాషనని ఆయనకెవరూ చెప్పలేదు.

మన జంటల ఓర్పు మాత్రం పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డాకే నిద్ర లేస్తుంది. ఇటలీలో బండి గంట ఆలస్యమైతే ‘ఎంత ప్రశాంతమో!’ అంటూ కాఫీ చెప్పుకుంటారు. తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫారం మీద పాసింజరు పావుగంట లేటైతే ఆవిడ ‘ముందే బయల్దేరమన్నానా?’ అంటుంది, ఆయన రైల్వే మంత్రి దాకా తిట్టుకుంటూ పోతాడు. వెనిస్ వీధుల్లోకి సముద్రపు నీరొస్తే ప్యాంటు మడిచి సెల్ఫీ. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేట్లోకి దిగి, ఏలూరు-కైకలూరు రోడ్డెక్కితే మాత్రం ‘ఛీ, ఏం ఊళ్లండీ ఇవి!’ వరదొచ్చినప్పుడల్లా మోకాలి లోతు నీళ్లలో బియ్యం మూట నెత్తినెట్టుకుని నడిచే లంకగ్రామాల మొగుడూపెళ్లాల్ని ఎవరూ ట్రావెలర్లనరు.

పైగా వెనిస్‌లో రద్దీ రోజున ఒక్కపూట చూసిపోదామన్నా 2024లో ఐదు యూరోల రుసుము పెట్టారు!

దంపతులకు మనవి: చలికాలంలో కొల్లేటి ఆటపాక పక్షుల కేంద్రానికి రండి. గూడబాతులూ జంటలుగానే ఉంటాయి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా నెలల తరబడి కదలవు. వీసా ఎవరూ అడగరు. పడవ దొరక్కపోతే పోట్లాడుకోకండి, అదీ అనుభవమే.