నాగవల్లికి కన్నడమే వచ్చు

మా తిరువూరు పొలిమేర దాటితే ఖమ్మం జిల్లా. అక్కణ్నుంచి నటి సౌందర్య మరణంపై ఫిర్యాదు వెళ్లినప్పటి నుంచీ ఊళ్లో ఎవరి ఫోన్ చూసినా ఆమె ఎక్కిన విమానమే. పోయిన ఇరవై ఒక్క ఏళ్లకు తేలిందట, ప్రమాదం కాదని. జల్‌పల్లిలోని ఆరెకరాల భూమే కారణమట. అలాంటి లావాదేవీలే లేవని ఆమె భర్త స్వయంగా చెప్పారు. పాపం, ఆయన యూట్యూబ్ చూడరు కాబోలు!

భూమి కథే నయం. నన్ను కాల్చుకు తింటున్నది నాగవల్లి శాపం. కన్నడ ‘ఆప్తమిత్ర’లో ఆ దయ్యం వేషం కట్టినందుకే సౌందర్య పోయిందట. సినిమా విడుదల నాటికి ఆమె లేకపోవడమే రుజువట.

అదే వేషం 1993లో మలయాళంలో మొదట కట్టిన శోభన జాతీయ అవార్డు పట్టుకెళ్లి ఇప్పటికీ నాట్యం చేస్తున్నారు. 2005లో ‘చంద్రముఖి’ చేసిన జ్యోతిక మరుసటి ఏడే సూర్యను పెళ్లాడారు. శాపమంటే అదేనేమో మరి. హిందీలో విద్యాబాలన్ నిక్షేపంగా ఉన్నారు. తెలుగులో ఏకంగా ‘నాగవల్లి’ పేరుతోనే వచ్చిన సినిమా చేసిన అనుష్క ఆ తర్వాత దేవసేన అయ్యారు. అంటే ఈ దయ్యానికి మలయాళం, తమిళం, హిందీ, తెలుగు రావన్నమాట.

‘మరి కన్నడ హీరో విష్ణువర్ధన్?’ అంటారు. ‘ఆప్తమిత్ర’ తర్వాత ఐదేళ్లు బతికి 59వ ఏట గుండెపోటుతో పోయారు. అంత నిదానంగా పనిచేసే శాపం మా తాలూకాఫీసులో కూడా చూడలేదు.

ఈ వీడియోల్లో దివ్యభారతికైతే సినిమాలే లేవు, ఒక్క కిటికీ ఉంది. ఉదయ్ కిరణ్‌కు మిగిలింది ఎవరు తొక్కేశారన్న పంచాయితీ.

ఇక నవ్వు రావడం లేదు. 2004 ఏప్రిల్ 17, ఎన్నికల ఎండలు. కరీంనగర్ ప్రచారానికి జనం కావాలి, జనానికి సినిమా మొహం కావాలి. బెంగళూరు జక్కూరులో సౌందర్య ఒంటి ఇంజిను విమానం ఎక్కింది. లేచిన కాసేపటికే అది కూలి కాలిపోయింది. అన్న అమర్‌నాథ్‌తో కలిపి నలుగురు పోయారు. ఓట్ల కోసం తారలను అంత చిన్న విమానాల్లో తిప్పడమేమిటని ఒక్క వీడియో అయినా అడిగిందా? మిగిలిన ఇద్దరి పేర్లు ఏ ఛానెలోడికైనా తెలుసా? వాళ్లు పోతే వ్యూస్ రావు. సిగ్గులేని బేరం ఇది, శవం మీద ఎర్ర బాణం గుర్తు పెట్టి అమ్ముకోవడం.

డాక్టరు చదువు మధ్యలో వదిలి వచ్చి పన్నెండేళ్లు పనిచేసిన మనిషి ఆమె. ‘అమ్మోరు’, ‘అంతఃపురం’ మనకిచ్చింది. తన డబ్బు పెట్టి గిరీష్ కాసరవల్లి చేత ‘ద్వీప’ తీయించింది. ఆనకట్ట నీళ్లు ముంచేసే ఊరి కథ. ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం తెచ్చింది. పోలవరం పేరు రోజూ వినే మనం ముందు చూడాల్సిన సినిమా. ఆ మాటే మా బావమరిదితో అన్నాను. శాపం వీడియో ఆపి, ఆసక్తిగా అడిగాడు: “అందులో కూడా చచ్చిపోతుందా, బావా?”